మిర్యాము వచ్చేవరకు పాళెం కదల్లేదు

ఇశ్రాయేలీయుల అరణ్యయాత్రలో ఏడు రోజుల ఆలస్యం ఒకటుంది. చదువుకుంటూ వెళ్లేటప్పుడు చాలామందిమి దాన్ని గమనించకుండానే దాటిపోతాం. సంఖ్యాకాండము 12వ అధ్యాయంలో మోషేకు వ్యతిరేకంగా మాట్లాడిన అతని అక్క మిర్యాముకు కుష్ఠు సోకింది. మోషే ఆమెకోసం దేవునికి మొరపెట్టాడు. దేవుడు ఆ ప్రార్థన విన్నాడు కానీ ఏడు రోజులు ఆమెను పాళెం వెలుపల ఉంచమన్నాడు. అలాగే ఉంచారు. ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథే. ఆ తర్వాతి మాటే మనకు పట్టదు. ఆమెను మళ్లీ లోపలికి చేర్చుకునేదాకా జనం ప్రయాణం సాగించలేదట! యుద్ధానికి వెళ్లగల పురుషులే ఆరు లక్షలకు పైగా ఉన్న జనసమూహమది. ఆడవాళ్లు, పిల్లలు, పశువులు, గుడారాలు వేరే. అంతమందీ ఒక్క రోగికోసం హజేరోతులో ఆగారు. ఆమె వచ్చాకే పారాను అరణ్యానికి బయల్దేరారు.

మిర్యామును వెలుపల ఉంచడంలో తప్పేమీ లేదు. సోకే రోగమున్నవారిని కొన్నాళ్లు వేరుగా ఉంచాలన్నది దేవుడే ఇచ్చిన నియమం. అయితే ఆమె వెలుపల ఉన్నన్నాళ్లూ పాళెం ఆమెను లెక్కలోంచి తీసేయలేదు. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా కాలమంతా మణికొండలో గడిపిన మాకు ఈ అధ్యాయం అప్పట్లో అర్థం కాలేదు. ఇప్పుడు చదువుతుంటే మాత్రం కొంచెం సిగ్గుగా ఉంది.

మణికొండ ఎలాంటి ఊరో ఈ చుట్టుపక్కల ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. ఒకప్పటి జాగీరు గ్రామం ఐటీ పుణ్యమా అని అపార్ట్‌మెంట్ల అడవిగా మారింది. 2018లో మున్సిపాలిటీ కూడా అయింది. ఇక్కడివారిలో ఎక్కువమంది ఎక్కడినుంచో వచ్చినవారే. గుంటూరు, రాజమండ్రి, ఖమ్మం, కర్నూలునుంచి వచ్చిన ఇంజనీర్లు పై అంతస్తుల్లో ఉంటారు. మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, ఒడిశానుంచి వచ్చిన వాచ్‌మన్లు, మేస్త్రీలు, పనిమనుషులు కింద సెల్లార్లలోనో పక్కనున్న రేకుల షెడ్లలోనో ఉంటారు. అందరమూ వలసవచ్చిన వాళ్లమే. ఆపద వచ్చినప్పుడు మాత్రం ఎవరు ఊరివాళ్లు, ఎవరు పైవాళ్లు అన్న ప్రశ్న గేటు దగ్గరే మొదలైంది.

మొదటి భయం ఐటీ భవనాల్లోనే పుట్టింది. 2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కేసు బయటపడింది. రెండు రోజులు గడవకముందే, మార్చి 4న, మాదాపూర్‌లోని రహేజా మైండ్‌స్పేస్ 20వ నంబరు భవనంలో ఒక ఉద్యోగికి వ్యాధి సోకిందన్న అనుమానం వార్తగా పాకింది. ఒక కంపెనీ తన సిబ్బందిని ఇళ్లకు పంపింది. అది చూసి పక్క కంపెనీలూ పంపాయి. వేలమంది బ్యాగులు పట్టుకుని ఒక్కసారిగా రోడ్డుమీదికి వచ్చారు. ఎవరికీ దూరంగా ఉండాలని చెప్పి, అందరినీ ఒకే లిఫ్టులోకి, ఒకే బస్టాపులోకి తోసినట్టయింది. పూణెలోని జాతీయ వైరాలజీ సంస్థనుంచి మర్నాడు నివేదిక వచ్చింది. ఆ ఉద్యోగికి వ్యాధే లేదు! కానీ ఆ ఒక్క రోజులో వాట్సాప్‌లో ఆ వ్యక్తి గురించి తిరిగిన మాటలను ఏ నివేదిక తుడిచేస్తుంది? హైదరాబాద్‌కు ఇది కొత్త కూడా కాదు. 2009 మేలో దేశంలోనే మొదటి స్వైన్ ఫ్లూ కేసు శంషాబాద్ విమానాశ్రయంలో దిగిన ప్రయాణికుడిలోనే గుర్తించారు. అప్పుడూ ఇలాగే మాస్కుల కోసం మందుల దుకాణాలమీద పడ్డాం, ఆర్నెల్లకు మర్చిపోయాం.

ఆ మార్చి 22న జనతా కర్ఫ్యూ అయింది. వెంటనే రాష్ట్రంలో లాక్‌డౌన్, 25నుంచి దేశమంతటా లాక్‌డౌన్. ఆ 25వ తేదీ ఉగాది. ఆ పండుగరోజు జరిగింది తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అమీర్‌పేట, ఎస్సార్‌నగర్, కూకట్‌పల్లి, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో హాస్టళ్లలో ఉంటున్న యువతీయువకులను, నిన్నటిదాకా నెలనెలా అద్దె తీసుకున్నవాళ్లే ఖాళీ చేసి వెళ్లిపొమ్మన్నారు. మెస్సులు మూతపడ్డాయి. బయట టీ దొరకదు, ఇడ్లీ దొరకదు. పిల్లలు పోలీస్ స్టేషన్ల ముందు వందలకొద్దీ బారులు తీరారు. పోలీసులు దయతలచి ఊళ్లకు వెళ్లేందుకు అనుమతి పత్రాలు ఇచ్చారు. వాటిని పట్టుకుని బైకులమీద, కార్లలో విజయవాడ రహదారి ఎక్కినవాళ్లను కోదాడ దాటాక గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపేశారు. ఇటువైపు ప్రభుత్వం వెళ్లమంటే అటువైపు ప్రభుత్వం రావద్దంది. వస్తే పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో ఉండాలంది. రాత్రి దాకా ఆడపిల్లలు కూడా రోడ్డుమీదే ఉన్నారు. ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం హాస్టళ్లను ఖాళీ చేయించొద్దని యజమానులను గట్టిగా హెచ్చరించింది, పాసులివ్వడం ఆపేసింది. అదే మాట రెండు రోజుల ముందు చెప్పి ఉంటే ఆ పిల్లలకు ఉగాది రోడ్డుమీద అయ్యేది కాదు.

ఇందులో ఆంధ్రా ప్రభుత్వాన్ని తప్పుపట్టి ఊరుకుందామంటే కుదరదు. ఏడాది తిరిగేసరికి పాత్రలు మారాయి. 2021 మేలో రెండో ఉప్పెన వచ్చి ఆక్సిజన్ కోసం జనం అల్లాడుతున్నప్పుడు, ఆంధ్రప్రదేశ్‌నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు వస్తున్న అంబులెన్సులను కర్నూలు దాటాక పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర, అటు కోదాడ దగ్గర రామాపురం వద్ద తెలంగాణ పోలీసులు ఆపారు. ఆసుపత్రినుంచి ముందే బెడ్ ఖాయం చేసుకుని కంట్రోల్ రూమ్ అనుమతి తెచ్చుకోవాలని మే 11న ఒక ఉత్తర్వు వచ్చింది. ఊపిరాడని మనిషిని పక్కన పెట్టుకుని కంట్రోల్ రూమ్‌కు ఫోన్లు చేయడమంటే ఏమిటో చేసినవాళ్లకే తెలుసు. సరిహద్దులో ఆగిన అంబులెన్సుల్లో ప్రాణాలు పోయాయన్న వార్తలూ ఆ రోజుల్లో చదివాం. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. గరికపాడులో ఆగినవాళ్లూ తెలుగువాళ్లే, పుల్లూరులో ఆగినవాళ్లూ తెలుగువాళ్లే, ఆపినవాళ్లూ తెలుగువాళ్లే.

ప్రభుత్వాలకు వేరే దారి లేకపోయిందని కొందరంటారు. పూర్తిగా అబద్ధం కాదు. పడకలు తక్కువ, జనం ఎక్కువ. రోగమేమిటో మొదట్లో వైద్యులకే సరిగా తెలియదు. ఆంక్షలు వద్దనే మూర్ఖత్వం మాకు లేదు. విశ్వాసికి రోగం రాదని, మాస్కు పెట్టుకుంటే అవిశ్వాసమని బోధించినవాళ్లూ మన మధ్యే ఉన్నారు. 91వ కీర్తన రాసిన కాగితం తలుపుకు అంటించుకుని ఊరంతా తిరిగినవాళ్లున్నారు. అదే కీర్తనను చూపించి దేవాలయ శిఖరంమీదనుంచి దూకమని యేసుప్రభువును శోధించింది ఎవరో వాళ్లకు గుర్తు రాలేదు కాబోలు! 2020 ఏప్రిల్ 12న ఈస్టర్ ఆరాధన చర్చిలో లేకుండా గడిచినందుకు మాకు బాధ కలిగింది కానీ, అది సరైన నిర్ణయమేనని అప్పుడూ అనుకున్నాం, ఇప్పుడూ అనుకుంటున్నాం.

మరి తప్పెక్కడ? లేవీయకాండము 13, 14 అధ్యాయాలు ఒకసారి పక్కపక్కన పెట్టుకుని చదవండి. విసుగుపుట్టించే అధ్యాయాలని మనం దాటేస్తాం. మచ్చలు, వెంట్రుకల రంగు, బట్టమీది బూజు... కానీ అంటురోగం విషయంలో ఒక సమాజం ఎలా నడుచుకోవాలో అందులో ఉంది. అనుమానమున్న మనిషిని ఏడు రోజులు వేరుగా ఉంచాలి. ఏడో రోజున మళ్లీ చూడాలి. తేలకపోతే ఇంకో ఏడు రోజులు. పద్నాలుగు రోజుల క్వారంటైన్ అన్నమాట! రోగమున్నట్టు తేలినవాడు పై పెదవి కప్పుకోవాలి. అది మాస్కు కాక మరేమిటి? ఇదంతా 13వ అధ్యాయం. మన ప్రభుత్వాలు, మన అపార్ట్‌మెంట్ సంఘాలు, మన సంఘాలు కూడా ఈ అధ్యాయం దగ్గరే పుస్తకం మూసేశాయి.

14వ అధ్యాయమంతా ఆ మనిషిని మళ్లీ లోపలికి తెచ్చుకోవడం గురించి. అందులో మొదటి మెట్టు ఏమిటంటే, యాజకుడే పాళెం దాటి బయటికి వెళ్లి అతణ్ని చూడాలి. బాగుపడ్డానని రుజువు తెచ్చుకోమని రోగిని తిప్పించుకోకూడదు. తర్వాత అర్పణలు. మూడు గొర్రెలు తేలేని బీదవాడికి ఒక గొర్రెపిల్ల, రెండు పావురాలు చాలన్న సడలింపు ప్రత్యేకంగా రాసి ఉంది. వెలుపలికి పంపే నియమం ఎంత వివరంగా ఉందో లోపలికి తెచ్చే నియమం అంతకంటే వివరంగా ఉంది. ఎవరు పరీక్షించాలి, ఎన్నాళ్లకు పరీక్షించాలి, పేదవాడి సంగతేమిటి అన్న మూడింటికీ జవాబుంది. 2020 మార్చిలో గరికపాడు దగ్గర నిలబడ్డ పిల్లలు అడిగింది ఈ మూడు ప్రశ్నలే. మమ్మల్ని ఎవరు చూస్తారు? ఎప్పుడు పంపుతారు? అందాకా మేం తినేదేమిటి?

మన హైదరాబాద్‌లో ముసలివాళ్లు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అన్న మాటే జనం నోట కోరంటి అయింది. ప్లేగు, కలరా చూసిన ఊరు కాబట్టి ఆ మాటకు ఇక్కడ వందేళ్ల వయసుంది. అయితే కోరంటి అంటే కనీసం ఒక దవాఖానా ఉండేది. అక్కడ వైద్యుడు, మంచం, గంజి ఉండేవి. మనం 2020లో చేసిన కోరంటిలో చాలామందికి ఉన్నది రోడ్డొక్కటే.

చేసిన మంచిని మరిచిపోవడం కూడా న్యాయం కాదు. తెల్లరేషన్ కార్డులున్న కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1500 రూపాయలు ఇస్తామని ప్రభుత్వం లాక్‌డౌన్ మొదట్లోనే చెప్పింది. కార్డుల్లేని వలస కూలీలకు కూడా మనిషికి 12 కిలోల బియ్యమో పిండో, 500 రూపాయలు ఇస్తామంది. అది 14వ అధ్యాయంలోని పావురాల జత లాంటి మంచి ఆలోచన. గచ్చిబౌలి స్టేడియం ప్రాంగణంలోని ఎత్తయిన భవనాన్ని 2020 ఏప్రిల్‌లో కొద్ది వారాల్లోనే 1500 పడకల టిమ్స్ ఆసుపత్రిగా మార్చడమూ చిన్న పని కాదు. కానీ బియ్యం ఒక్కటే మనిషికి సరిపోదని ఏప్రిల్ 29న సంగారెడ్డి జిల్లా కందిలో తేలింది. ఐఐటీ ప్రాంగణంలో భవనాలు కడుతున్న కూలీలు జీతాలివ్వాలని, ఊళ్లకు పంపాలని రోడ్డెక్కారు. నెల దాటింది, ఎప్పుడు వెళ్తామో ఎవరూ చెప్పరు. రెండు రోజులకు, మే 1న తెల్లవారుజామున, మన పక్కనే ఉన్న లింగంపల్లి స్టేషన్‌నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1200 మందితో రైలు బయల్దేరింది. వలస కూలీల కోసం దేశంలో నడిచిన మొదటి రైలు అదే. లింగంపల్లి వాళ్లం దానికి గర్వపడవచ్చు. ఆ రైలు మార్చి నెలాఖరులోనే ఎందుకు కదల్లేదని అడగవచ్చు కూడా.

ఇంతవరకు ప్రభుత్వాల సంగతి. మన సంగతి చెప్పుకోకపోతే ఈ రాత వ్యర్థం.

ఆ 2020 వేసవిలో మా సంఘానికి వచ్చే ఒక నర్సు సహోదరి మణికొండలో ఒక గదిలో అద్దెకుండేది. ఆమె పనిచేసే ఆసుపత్రిలో కరోనా వార్డు తెరిచారు. విషయం తెలిసి ఇంటివాళ్లు, ‘ఏమనుకోకమ్మా, ఇంట్లో పెద్దవాళ్లున్నారు, నెలాఖరుకు చూసుకో’ అన్నారు. నెలాఖరు కూడా ఆగలేదు, నాలుగు రోజులకే సామాను వరండాలో పెట్టారు. ఆమె మాకు ఫోన్ చేసి, ‘ప్రార్థన చేయండన్నా’ అంది. మేం చేశాం. జూమ్‌లో నలభై కుటుంబాలు కలిసి గంటసేపు ప్రార్థించాం. కొందరు కన్నీళ్లు కూడా పెట్టుకున్నారు. ఆ నలభై కుటుంబాల్లో కనీసం ఏడెనిమిది ఫ్లాట్లకు అప్పుడు తాళాలు వేసి ఉన్నాయి. వర్క్ ఫ్రమ్ హోమ్ అని అందరూ సొంతూళ్లకు వెళ్లి, అక్కడినుంచే మాతో ప్రార్థనలో ఉన్నారు. మా ఇంట్లో గది ఉంది, తాళం వాచ్‌మన్ దగ్గర ఉంది అని ఒక్కరూ అనలేదు. అడగాలని మాకూ తోచలేదు. నిజం చెప్పాలంటే తోచింది కానీ, అపార్ట్‌మెంట్ వాళ్లు ఒప్పుకోరేమో, ఎవరైనా నొచ్చుకుంటారేమో అని ఊరుకున్నాం. ఆమె పదకొండు రాత్రులు ఆసుపత్రి డ్యూటీ గదిలోనే కుర్చీలో నిద్రపోయిందని, తర్వాత తోటి నర్సులు ఇద్దరు పుప్పాలగూడలో తమ గదిలో చోటిచ్చారని చాలా రోజులకు తెలిసింది. వాళ్లు ఏ చర్చికీ వెళ్లేవాళ్లు కాదు. చర్చీలు మళ్లీ తెరిచాక ఆమె మా సంఘానికి రాలేదు.

అదే ఏప్రిల్‌లో చెన్నైలో నాడీ శస్త్రవైద్యుడు డాక్టర్ సైమన్ హెర్క్యులస్ కరోనాతో మరణించినప్పుడు, ఆయన్ను పాతిపెడితే తమకు రోగం వస్తుందని జనం ఒక శ్మశానంలో అడ్డుపడ్డారు. ఇంకోచోట అంబులెన్సుమీద రాళ్లు రువ్వారు. చివరికి అర్ధరాత్రి తోటి వైద్యుడే పార పట్టి మట్టి పూడ్చవలసి వచ్చింది. మూడు రోజులకు, ఏప్రిల్ 22న, వైద్యసిబ్బందిపై దాడి చేస్తే ఏడేళ్ల దాకా జైలు పడేలా కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ వార్త చదివి మేమంతా ఆ రాళ్లు రువ్వినవాళ్లను తిట్టుకున్నాం. వరండాలో సామాను పెట్టడం రాయి రువ్వడం కాదు కదా! గది ఉండి చెప్పకపోవడం అసలే కాదు! ఏ ఆర్డినెన్స్‌కూ దొరకని పని అది.

యేసుప్రభువు కుష్ఠురోగిని ముట్టుకుని బాగుచేసిన సంగతి మార్కు 1వ అధ్యాయంలో ఉంది. అక్కడ ఆయన చట్టాన్ని పక్కన పెట్టలేదు. వెళ్లి యాజకుడికి కనబడి, మోషే నియమించింది చెల్లించమన్నాడు. అంటే 14వ అధ్యాయం ప్రకారం లోపలికి వెళ్లమన్నాడు. ఆ కథ చివర మాత్రం ఒక విచిత్రం జరుగుతుంది. బాగుపడినవాడు ఊళ్లో తిరుగుతూ అందరికీ చెప్పేస్తే, యేసు బాహాటంగా ఊళ్లోకి రాలేక వెలుపల నిర్జన ప్రదేశాల్లో ఉండిపోయాడు. బయటివాడు లోపలికి వెళ్లాడు, లోపలివాడు బయట ఉండవలసి వచ్చింది. ఒకరిని లోపలికి తేవాలంటే ఇంకొకరు కాస్త బయటికి జరగాలన్నమాట. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 1915 ప్రాంతంలో కుష్ఠురోగుల కోసం ఆసుపత్రి మొదలుపెట్టినప్పుడు చేసింది అదే. ఊరు బయటికి నెట్టినవాళ్ల దగ్గరికి ఆమే ఊరు బయటికి వెళ్లింది. ఆ ఆసుపత్రికి సాయం చేయడానికి ముందుకొచ్చింది క్రైస్తవుడు కాని రాజా నర్సాగౌడ్ అని కూడా చెప్పుకోవాలి.

మళ్లీ ఇలాంటి రోగం రాదని ఏ శాస్త్రవేత్తా హామీ ఇవ్వడం లేదు. అప్పుడు ప్రభుత్వాలు ఏంచేయాలో చెప్పే నిపుణులం మేం కాదు. కానీ ఎవరినైనా ఆపే ఉత్తర్వు రాసేటప్పుడు ఆ ఉత్తర్వులోనే, ఆగినవాళ్లు ఎక్కడుంటారు, ఎవరు చూస్తారు, ఎన్నో రోజున వదులుతారు అన్నవి కూడా రాయాలని అడిగే హక్కు మనకుంది. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య ఆ మూడు మాటలమీద ముందే ఒప్పందం ఉండాలి. రోగి గేటు దగ్గరికి వచ్చాక మాట్లాడుకోవడం మొదలుపెడితే ఆలస్యమవుతుంది. అపార్ట్‌మెంట్ సంఘాలు కూడా తమ నిబంధనల పుస్తకంలో లిఫ్టు, పార్కింగ్ గురించి రాసుకున్న పేజీల పక్కన ఇదొక పేజీ రాసుకోవచ్చు. పనిమనిషిని రావద్దన్న నెలలకు జీతం ఇవ్వాలా వద్దా అన్నదీ అందులోనే తేల్చుకుంటే మంచిది. కొన్నిచోట్ల ఇచ్చారు, చాలాచోట్ల మర్చిపోయారు.

మా సంఘంలో గత నెల ఒక పట్టిక మొదలుపెట్టాం. అంటురోగం వచ్చినప్పుడు వైద్యసిబ్బందికో, హాస్టల్ ఖాళీ చేయాల్సి వచ్చిన పిల్లలకో, ఒంటరి కూలీకో తమ ఇంట్లో ఒక గది ఇవ్వగలవాళ్లు పేరు, ఫ్లాట్ నంబరు రాయాలి. తాళం ఎవరి దగ్గరుందో కూడా రాయాలి. ఆదివారం ఆరాధన అయ్యాక పట్టిక బల్లమీద పెడితే చాలామంది చదివారు, బాగుందన్నారు. ఇప్పటికి మూడు గదులు వచ్చాయి.

ఆ నర్సు సహోదరి నంబరు మళ్లీ సంపాదించి ఈమధ్యే ఫోన్ చేశాం. అప్పటి మా తప్పు గురించి, ఈ పట్టిక గురించి చెప్పాం. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘సంతోషం అన్నా, నైట్ డ్యూటీకి వెళ్తున్నా, తర్వాత మాట్లాడతా’ అని పెట్టేసింది. మేమే మళ్లీ చేయాలి.